మా పెదనాయన కారు పుల్లీకి పళ్ళు కట్టించిన సంగతి

కారేపల్లి నుంచి భద్రాచలం పోయే దారిలో మా ఇంటివాళ్ళకు మైలురాళ్ళతో పెద్దగా పని ఉండేది కాదు. పెదనాయన కారు ఆగిన చోట్లే మాకు గుర్తులు. పెద్దమ్మ అలిగి దిగి నడిచిన మలుపు, దూరంగా వస్తున్న గొంగడి మనిషిని చూసి ఎలుగుబంటి అని అందరం అద్దాలు ఎక్కించుకున్న వాగు మీది మోరీ, పులిహోర పాడైపోకముందే తినేద్దామని అడవిలో కూర్చున్న బండరాయి. అడిగితే ఎవరైనా వరుసగా చెప్పేవారు.

ఆ కారు వయసులో నాకంటే పెద్దది. నల్లది, పెట్రోలుతో నడిచేది, ముందు రెండు గుండ్రటి లైట్లు. పెదనాయన ఒక సర్కారు ఆఫీసులో డ్రైవరుగా చేసిన రోజుల్లో దాన్నే తోలాడు. అది ఇక పనికిరాదని ఆఫీసువాళ్ళు కాగితం మీద రాసినప్పుడు, ఆ మాట తననే అన్నట్టు నొచ్చుకుని, వేలంలో పాడి ఇంటికి తెచ్చుకున్నాడు. మనిషి రిటైరైనా బండిని మాత్రం కానివ్వలేదు.

బండి ఊరికే ఆగేది కాదు. ఆ కాలం పెట్రోలు ఇంజన్లలో పాయింట్లని ఉండేవి, గోరంత ఇనుప ముక్కలు రెండు. ఇంజను తిరుగుతుంటే అవి కలుసుకుంటూ విడిపోతూ ఉంటాయి. విడిపోయినప్పుడల్లా ఒక నిప్పురవ్వ పుడుతుంది, దానికి పెట్రోలు అంటుకుంటుంది, బండి నడుస్తుంది. ఆ రెండింటి మధ్య సందు సరిగ్గా ఉన్నంతకాలం లోకంలో ఏ ఇబ్బందీ లేదు. సందు మారితే బండి ముందు నసుగుతుంది, తర్వాత దగ్గుతుంది, ఆ పైన ఆగుతుంది. ముప్ఫై ఏళ్ళు ఆ సందును పెదనాయన కళ్ళు సగం మూసుకుని సరిచేసేవాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆగే బండి ఈమధ్యే ఎందుకో నెలకు రెండుసార్లు ఆగడం మొదలుపెట్టింది.

నేనున్న ఒక ప్రయాణంలో పాల్వంచ దాటాక అడవిలో ఆగింది. ముందు సీట్లో పెద్దమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఏమయ్యా, మళ్ళ ఆగిందా?"

"ఆగలే. జర దమ్ము తీసుకుంటున్నది."

"పొద్దుగూకే దాక తీసుకుంటదా?"

పెదనాయన బానెట్ కిందికి ఇంకా వంగాడు. గంటన్నర తర్వాత బండి కదిలింది. ఇల్లు చేరేదాకా పెద్దమ్మ పలకలేదు. ఆమె మాట్లాడకపోవడం మా ఇంట్లో వాతావరణ సూచన కిందికి వచ్చేది. గడప దాటుతూ మాత్రం తేల్చి చెప్పింది.

"ఎండకాలంల మా చెల్లె బిడ్డ పెండ్లి. పిల్ల చర్చిలకు వచ్చేటాలకు పెద్దమ్మను నేను ముందట నిలవడాలె. ఆ దినం గిట్ల అడవిల ఆగిందనుకో, నేను బస్సెక్కి పోత. నువ్వు బండిని తుక్కోనికి ఇచ్చి నడుసుకుంట ఇంటికి రా."

పెద్దమ్మ చెల్లెలిది నది దాటాక, భద్రాచలం అవతల, అడవి అంచున ఊరు. అక్కడి క్రైస్తవుల ఇంటికి కోడలై పోయింది. అక్కాచెల్లెళ్ళకు ఒకరికొకరు తప్ప పుట్టింటి వాళ్ళు మిగల్లేదు. కాబట్టి పెద్దమ్మ ఉత్తిగా బెదిరించడం లేదని అందరికీ తెలుసు, పెదనాయనకు మరీ తెలుసు.

నేనప్పుడు కొత్తగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. విద్యుత్తు గురించి ఏడాదికి ఆరు సెక్షన్లకు పాఠం చెప్పేవాణ్ణే గానీ ఇంట్లో ఒక్క బల్బు మార్చిన పాపాన పోలేదని మా అమ్మ చుట్టాలకు చెప్పుకునేది. అలాంటి నా దగ్గరికి ఒక ఆదివారం పెదనాయన వచ్చి, నన్ను కారు దగ్గరికి తీసుకుపోయాడు.

"అరేయ్, ఎలక్ట్రానిక్ అని వచ్చిందట గద. అది వెడితే పాయింట్లే ఉండయట. నిజమేనా?"

కారులో రేడియో పెట్టించుకోమంటేనే ఇంజను సప్పుడు వినపడదని వద్దన్న మనిషి ఆయన. నాకు ఆశ్చర్యం వేసింది.

"నిజమే. మరి నీకెందుకు? పాయింట్లు నీ అంత బాగ ఎవరు సెట్ చేస్తరు?"

ఆయన బానెట్ ఎత్తి, పాయింట్ల మూత తీసి, సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ చిన్న స్క్రూ తల మీద పెట్టాడు. అది అక్కడ నిలవలేదు. కుడిచెయ్యి వణుకుతోంది. స్క్రూడ్రైవర్ కొన ఇనుము మీద టకటకమని కొట్టుకుంది. రెండోసారి పెట్టాడు, మళ్ళీ అంతే.

"చూసినవా?"

"చూసిన."

"మీ పెద్దమ్మ చూడలే."

అది నిరుడు దసరా సంది మొదలైందట. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవడం, సంతకం ఉంటే కళ్ళద్దాలు మర్చిపోవడం, ఇలా నెట్టుకొస్తున్నాడు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటే మాత్రం వణకదన్నాడు. నమ్మకం కుదరక నేను పక్కన కూర్చుని రైల్వే స్టేషన్ దాకా తోలించాను. నిజమే, చెయ్యి బండమీద పెట్టినట్టు ఉంది. సన్న వస్తువు వేళ్ళ మధ్యకు వస్తేనే తంటా.

"దవాఖానకు పోదాం పెదనాయన."

"పోతే మీ పెద్దమ్మకు తెలుస్తది. తెలిస్తే పెండ్లి దాక గూడ ఆగది. అప్పటికప్పుడే తాళంచెవి గుంజుకుంటది. నేను ఇంట్ల కూసొని ఏం జెయ్యాల్రా? ఎవరింటి ముంగట బండ్లు పోతున్నయో లెక్కవెట్టాల్నా?"

అలా ఆయన గుట్టు నా నెత్తిన పడింది, దానితోపాటు ఇంజనూ పడింది.

ఖమ్మంలో నెట్ సెంటర్‌కు పోయి కాగితాలు అచ్చు తీసుకున్నాను. హైదరాబాదు నుంచి ఒక సీలు వేసిన ఎలక్ట్రానిక్ డబ్బా, వేలెడంత సెన్సరు పార్సెల్‌లో తెప్పించాను. కాగితాల్లో ఉన్నది స్థూలంగా ఇదీ: ఇంజను ముక్కు మీద, ఫ్యాను బెల్టు తిరిగే చక్రం ఒకటి ఉంటుంది, క్రాంక్ పుల్లీ. దాని ముఖానికి పళ్ళున్న ఇనుప రింగు ఒకటి బిగించాలి. పక్కనే ఉన్న సెన్సరు ఆ పళ్ళను లెక్కపెడుతుంది. ముప్ఫై ఆరు పళ్ళ చోటులో ఒక పన్ను మాత్రం ఉండకూడదు. క్లాసులో హాజరు పిలుస్తుంటే ఒక నంబరు దగ్గర ఎవరూ పలకనట్టు, ఆ ఖాళీ రాగానే డబ్బాకు ఇంజను ఎక్కడిదాకా తిరిగిందో తెలిసిపోతుంది, సమయానికి రవ్వ పంపిస్తుంది. పాయింట్లూ వద్దు, వాటి సందూ వద్దు.

రేడియేటర్ దించి, పుల్లీ నట్టుకు రెండు రోజులు కిరసనాయిలు తాగించి, స్పానర్‌కు గొట్టం తొడిగి ఇద్దరం వేలాడితే అది ఊడింది. "చదువుకున్నోడు బండికి కరెంటు వెడుతున్నడు," అని పెద్దమ్మ పక్కింటావిడకు చెప్పడం వినిపించింది. ఆ గొంతులో గర్వం పాలెంతో, బెంగ పాలెంతో నేను తేల్చుకోలేకపోయాను.

పుల్లీని గోనెసంచిలో పెట్టుకుని ఖమ్మంలో పెదనాయనకు తెలిసిన లేత్ దుకాణానికి పోయాం. దుకాణం ఆయన నెరిసిన మనిషి, కళ్ళద్దాలు దారంతో కట్టుకున్నాడు. పుల్లీని మిషను మీదికి ఎక్కించి తిప్పి చూసి, ముఖం కొంచెం వంకరుందని పల్చగా చెక్కి చదును చేశాడు. అంతవరకు మా మధ్య ఏ అభిప్రాయభేదమూ లేదు.

"ముప్పై ఆరు పండ్ల రింగు కావాలె," అన్నాను. "అందుల ఒక పన్ను తీసెయ్యాలె."

"ఏది సారూ?"

"ఏదైన సరే."

"ఏదో ఒకటి తీసేసేదుంటే ముప్పై అయిదే చెక్కుత గద. పని తక్కువ."

"గట్ల కాదు. ముప్పై ఆరిటికి జాగ ఉండాలె, ముప్పై అయిదే ఉండాలె."

ఆయన మిషను ఆపి పెదనాయన వైపు తిరిగాడు.

"అన్నా, ఈ సారు ఏం జేస్తడు?"

"కాలేజిల పాఠాలు చెప్తడు."

"అట్లనా," అన్నాడు ఆయన చాలా దయగా. ఆ దయ నా మీదో, నా విద్యార్థుల మీదో తెలియలేదు.

ముప్ఫై ఆరు పళ్ళూ చెక్కాడు. కొలిచాడు, తుడిచాడు, వెలుతురులో పట్టుకుని తిప్పి చూసుకున్నాడు. తర్వాత మొహం పక్కకు తిప్పుకుని రంపంతో ఒకటి కోసేశాడు. ఆ పన్నును కాగితంలో చుట్టి నా జేబులో పెట్టాడు. "ఉంచుకోండ్రి. రేపు మనసు మారితే వెల్డింగ్ జేసుకోవచ్చు."

రింగును పుల్లీకి ఎక్కడ బిగించాలన్నది మిగిలింది. మొదటి పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ ఖాళీ ఫలానా చోట ఉండాలి. పుల్లీ అంచున కంపెనీవాళ్ళు పెట్టిన గుర్తు ఉంటుంది, దాన్నిబట్టి చూసుకోమని కాగితంలో ఉంది. మసిగుడ్డతో తుడిస్తే అంచు మీద గుండ్రంగా, ఎర్రగా, ఏ అనుమానానికీ తావులేకుండా గుర్తు కనిపించింది. ఇన్నేళ్ళయినా రంగు చెదరలేదంటే పాతకాలం వాళ్ళ పనితనమే వేరని లేత్ ఆయనకు ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ గుర్తు నుంచి కొలిచి నాలుగు స్క్రూలకు రంధ్రాలు వేయించాను.

ఇంటికి తెచ్చి అన్నీ బిగించాం. పెదనాయన సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి వెనక్కి గుంజుకుని, పొగగొట్టంలోంచి నాటుబాంబు పేలినట్టు పేలింది. కోళ్ళు గోడ దాటాయి. పెద్దమ్మ బియ్యం చేటతోనే బయటికి వచ్చింది.

"ఏందా సప్పుడు?"

నేను క్లాసులో చెప్పినట్టే చెప్పాను. రవ్వ పుట్టాల్సిన సమయంలో పుట్టడం లేదు, కానీ గుర్తు ప్రకారమే బిగించాం కాబట్టి తప్పు డబ్బాలో ఉండి ఉంటుంది, హైదరాబాదుకు ఉత్తరం రాస్తాను.

"ఏం గుర్తు?"

"ఈ ఎర్ర గుర్తు. కంపెనీది."

పెద్దమ్మ చేట పక్కన పెట్టి, వంగి చూసి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"అది నేను వెట్టిన బొట్టు గదరా!"

పెదనాయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"దసరాకు బండికి బొట్టు వెట్టనా మరి? నూనెకు కుంకుమ నిలుస్తలేదని, గేటుకేసిన రంగుల పుల్ల ముంచి వెట్టిన. చక్రాలకు వెట్టిన, స్టీరింగ్‌కు వెట్టిన. లోపట తిరిగేదానికి వెట్టకపోతే దానికి కోపం రాదా?"

పెదనాయన అరుగు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది. ఆ నవ్వు కోసమైనా ఫిజిక్స్ ఓడిపోవడం మంచిదేనని నేను సర్దుకున్నాను, వెంటనే కాదు.

అసలు గుర్తు కిరసనాయిలు బ్రష్షుతో రుద్దితే బయటపడింది. సన్నటి గాటు, బొట్టుకు పావుచుట్టు కంటే ఎక్కువ దూరంలో. అప్పటికి పెదనాయనకు గుర్తుల మీదే నమ్మకం పోయింది. మొదటి ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రం మీద ఎడమ బొటనవేలు అదిమి పెట్టి, నన్ను హ్యాండిల్‌తో ఇంజను మెల్లగా తిప్పమన్నాడు. "తిప్పు… తిప్పు… ఆఁ, ఇప్పుడు వేలును నూకుతున్నది. మెల్లగ." తర్వాత ఒక చీపురుపుల్ల లోపలికి దించి, అది పైకి లేచి లేచి ఇక లేవని చోట ఆపించాడు. గాటు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. కంపెనీ పరీక్షలో నెగ్గింది.

మళ్ళీ ఖమ్మం, మళ్ళీ నాలుగు రంధ్రాలు. లేత్ ఆయన పాత రంధ్రాలు చూపించి, "ఇవి గూడ ఖాళీగనే ఉండాల్నా సారూ?" అని వినయంగా అడిగాడు.

ఈసారి తాళం తిప్పగానే బండి అందుకుంది. అంత సాఫీగా తిరగడం చూసి పెదనాయన కిందికి దిగి, అది తన బండేనా అన్నట్టు చుట్టూ నడిచాడు. ఇల్లందు పోయి వచ్చాం, ఖమ్మం పోయి వచ్చాం. కూసుమంచి గుడికి పెద్దమ్మను తీసుకుపోయి వచ్చాడు. నెలరోజులు బానెట్ ఎత్తలేదు. చెయ్యి వణుకుతూనే ఉంది గానీ దాన్ని బయటపెట్టే పని తగల్లేదు.

పెళ్ళిరోజు ఆరింటికి బయల్దేరాం. ముందు సీట్లో పెద్దమ్మ పట్టుచీరలో, వెనక సీట్లో నేను, నా ఒళ్ళో అరిసెల డబ్బా. పెళ్ళి పదింటికి. పాల్వంచ దాటాక దారి పక్కన కల్లాల్లో తునికాకు కట్టలు ఎండుతున్నాయి. రోడ్డు కొత్తగా తవ్వి వదిలేశారు. పెదనాయన గుంతలను పాత చుట్టాలను పలకరించినట్టు ఒక్కొక్కదాన్నీ నెమ్మదిగా దాటిస్తున్నాడు. ఒక మోరీ దగ్గర బండి ఎత్తెత్తి వేసింది. ఇంజను ఆగిపోయింది.

పాయింట్ల బండి ఆగేముందు నసిగి, దగ్గి, నలుగురికీ చెప్పి ఆగేది. ఎలక్ట్రానిక్ బండికి ఆ మర్యాద లేదు.

పెదనాయన బానెట్ ఎత్తాడు, నేను తొంగిచూశాను. సెన్సరు పట్టీ నట్టు వదులై, సెన్సరు పళ్ళకు దూరం జరిగింది. కింద స్ప్రింగ్ వాషర్ వేసి ఉంటే వదులయ్యేది కాదు. మా సిలబస్‌లో స్ప్రింగ్ వాషర్ లేదు. సెన్సరును మళ్ళీ పంటి దగ్గరికి, శుభలేఖ మందమంత సందు వదిలి, జరిపి బిగిస్తే చాలు. కానీ ఇంట్లో రేడియేటర్ దించి బిగించాం. ఇప్పుడు రేడియేటర్‌కూ ఫ్యానుకూ మధ్య ఉన్న ఇరుకులోంచి చెయ్యి దించాలి. నాది దూరలేదు, మోచేతి దగ్గరే ఇరుక్కుంది. పెదనాయనది బక్క చెయ్యి.

ఆయన తువ్వాల చుట్టుకుని స్పానర్ దించాడు. లోపలి నుంచి టకటకటక మని చప్పుడు వచ్చింది. తీసి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ దించాడు. మళ్ళీ అదే చప్పుడు. నేను అడ్డంగా నిలబడ్డాను గానీ, ఆ చప్పుడుకు ఎవరు అడ్డం నిలబడగలరు?

అప్పుడే వెనక నుంచి భద్రాచలం బస్సు వచ్చింది. పెద్దమ్మ అప్పటికే కారు దిగి రోడ్డు అంచున చెయ్యెత్తి ఉంది. బస్సు ఆగింది. కండక్టరు తలుపు తీశాడు.

"జల్దీ ఎక్కమ్మా, పెండ్లికేనా?"

పెద్దమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టి, చెప్పాల్సింది చెప్పిపోదామని వెనక్కి తిరిగింది. పెదనాయన అప్పుడే చెయ్యి బయటికి తీశాడు. స్పానర్ ఇంకా వేళ్ళలోనే ఉంది, వణుకుతోంది. ఆయనకు దాన్ని దాచుకునే వీలు లేకపోయింది. పెద్దమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, ఎక్కుతున్నవా లేదా?"

"లే, నువ్వు పో నాయనా."

బస్సు పోయింది. దుమ్ము సద్దుమణిగేదాకా పెద్దమ్మ కదల్లేదు. తర్వాత బానెట్ దగ్గరికి వచ్చింది.

"ఎన్నాళ్ళ సంది?"

"దసరా సంది," అన్నాడు పెదనాయన.

"వీనికి తెలుసా?"

నేను అరిసెల డబ్బా వైపు చూశాను.

"వీనికి తెలుసు, నాకు తెల్వది. మంచిగుంది." ఆమె స్టీరింగ్ వైపు చూసింది. "మరి తోలేటాలకు?"

"స్టీరింగ్ మీద వణకది. ఇంత దూరం వస్తివి, చూస్తనే ఉన్నవు గద."

ఆమె గాజులు సన్న చేతుల మీద మోచేతి దాకా నెట్టుకుంది. కొంగు నడుముకు దోపుకుని చెయ్యి చాపింది.

"ఆ పానా ఇటియ్యి. ఎట్ల జెయ్యాల్నో చెప్పు."

"పెద్దమ్మా, నేను ఇంకోసారి చూస్త—"

"నువ్వు చేసిందానికే ఇక్కడ నిలవడ్డం. జరుగు."

పెదనాయన పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. సంచిలోంచి శుభలేఖ తీసి ఇచ్చాడు. దాన్ని పంటికీ సెన్సరుకూ మధ్య దూర్చమన్నాడు. ఆనించి పట్టుకుని నట్టు తిప్పమన్నాడు.

"ఎటు?"

"గడియారం తిరిగే దిక్కు."

"బిగువైంది."

"ఇంక పావుచుట్టు. ఆఁ. ఇప్పుడు కార్డు గుంజు. రావాలె, గని ఊరికే రావద్దు."

"బియ్యంల రాళ్ళు ఏరినట్టే ఉన్నదయ్యా. దీనికా నువ్వు ఇన్నేండ్లు బానెట్ వెనక దాసుకున్నవు?"

తాళం తిప్పితే బండి మొదటి దెబ్బకే అందుకుంది.

చర్చి ముందు దిగేసరికి పెళ్ళికూతురు తెల్లచీరలో గుమ్మం దగ్గరే ఉంది. పెద్దమ్మ రెండు చేతులకూ మోచేతుల దాకా నల్ల జిడ్డు. ఆ చేతులు వీపు వెనక కట్టుకుని, స్కూలు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులా పిల్ల ముందు నడిచింది. చెల్లెలు "ఏందక్కా గిట్లొచ్చినవ్?" అంటే, "బండి బాగ జేసుకుంట వచ్చిన," అంది. ఎవరూ నమ్మలేదు. ఆమె రెండోసారి చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో నది మీది వంతెన దాటేదాకా ఇద్దరూ పెళ్ళి భోజనం గురించే మాట్లాడుకున్నారు. కూరలో ఉప్పు దగ్గర కొంత వాదన జరిగింది. తర్వాత పెద్దమ్మ రోడ్డు వైపే చూస్తూ అంది.

"రేపు ఖమ్మం దవాఖానకు పోవాలె. ఆ చెయ్యి చూపెట్టాలె."

పెదనాయన వేళ్ళు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి.

"బస్సులనా?"

"బస్సెందుకు? ఏడింటికి బండి తియ్యి."

ఆయన ఎదురుగా ఉన్న గుంతను జాగ్రత్తగా దాటించాడు.

"ఆరున్నరకే తీస్త," అన్నాడు. "ఎండ ముదిరితే నీకు తల నొస్తది."